ఆపరేషన్ సరే, నొప్పి మాటేమిటి?

కర్నూలు వైద్య కళాశాల ఆవరణలో సుమారు 120 కోట్ల రూపాయల అంచనాతో రాష్ట్ర క్యాన్సర్ సంస్థ వెలిసింది. కడప రిమ్స్‌లో 2023 డిసెంబరులో క్యాన్సర్ బ్లాకును ప్రారంభించారు. పక్కనే తిరుపతిలో టాటా ట్రస్టుల క్యాన్సర్ ఆసుపత్రి 2022లో మొదలైంది. ఒకప్పుడు సీమలో ఎవరికైనా క్యాన్సర్ అని తేలితే హైదరాబాద్ ఎంఎన్‌జేకో, బెంగళూరు కిద్వాయ్‌కో, వెల్లూరుకో మూటాముల్లె సర్దుకోవాల్సిందే. మనిషి బతుకుతాడో లేదో తెలియకముందే ఎకరమో రెండెకరాలో చేయి మారేవి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక ఆ బరువు కొంత తగ్గింది. ఇప్పుడు వైద్యమే ఇంటికి దగ్గరగా వస్తోంది. సంతోషించాల్సిన విషయమే. అయితే ఇలాంటి భవనాలు లేచినప్పుడల్లా మనం అడిగేది పడకలెన్ని, యంత్రాలెన్ని, సర్జన్లెందరు అన్న మూడు ప్రశ్నలే. నాలుగోది ఎవరూ అడగరు. ఆపరేషన్ చేయించుకుని ఆలూరుకో బద్వేలుకో తిరిగి వెళ్లిన రోగికి అర్ధరాత్రి నొప్పి లేస్తే, దాన్ని అణిచే మాత్ర ఆ ఇంట్లో ఉందా? ఈ ప్రశ్నకు జవాబు లేని చోట ఆపరేషన్ కూడా సగం వైద్యమేనని నా వాదన. నొప్పి తగ్గించడం డాక్టర్లు చేతులెత్తేశాక మొదలయ్యే పని కాదు. ముక్క పరీక్ష (బయాప్సీ) రాసిన రోజునే అదీ మొదలు కావాలి.

ముందు ఆపరేషన్ సంగతి. ప్రపంచంలో క్యాన్సర్ వచ్చినవారిలో 80 శాతానికి పైగా ఏదో ఒక దశలో సర్జన్ దగ్గరకు వెళ్లాల్సిందేనని లాన్సెట్ ఆంకాలజీ కమిషన్ 2015లో లెక్కగట్టింది. సురక్షితంగా, భరించగలిగే ఖర్చులో ఆ ఆపరేషన్ దొరికేది నలుగురిలో ఒక్కరికి కూడా కాదని అదే నివేదిక చెప్పింది. నోరు, రొమ్ము, పెద్దపేగు వంటి చోట్ల వచ్చే గడ్డలు తొలిదశలో ఉంటే పూర్తిగా నయం చేయడంలో పెద్ద పాత్ర ఇప్పటికీ కత్తిదే. మన పల్లెల్లో మాత్రం ‘కత్తి పడితే గడ్డ ఒళ్లంతా పాకుతుంది’ అనే భయం గట్టిగా ఉంది. ఆ మాట ఊరికే పుట్టలేదు. ముదిరిపోయాక ఆపరేషన్ చేయించుకుని ఆరు నెలల్లో పోయినవారినే జనం చూశారు. తప్పు కత్తిదనుకున్నారు, ఆలస్యానిదని కాదు. ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రి నోటి క్యాన్సర్ మీద చేసిన అధ్యయనం 2015లో అచ్చయింది. గడ్డ తొలిదశలో ఉండి, మెడలో బిళ్లలేవీ చేతికి తగలని రోగులను రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు నోటి ఆపరేషన్‌తో పాటే మెడలోని లింఫు గ్రంథులనూ తీసేశారు. రెండో జట్టుకు బిళ్ల కనిపించాక తీద్దామని ఆగారు. మూడేళ్ల తర్వాత మొదటి జట్టులో 80 శాతం బతికి ఉంటే రెండో జట్టులో 67.5 శాతమే ఉన్నారు. గుట్కా, ఖైనీ దవడలో పెట్టుకునే అలవాటు ఊరూరా ఉన్న కర్నూలు, కడప జిల్లాలకు ఇంతకంటే పనికొచ్చే లెక్క ఉండదు. ముందుగా, పెద్దగా కోయడమే ప్రాణం నిలిపింది.

కానీ ఆ కోత పడిన మనిషి పరిస్థితి చూడండి. దవడలో కొంత భాగం పోతుంది. మెడలో చెవి వెనక నుంచి కిందికి కుట్లు. భుజాన్ని ఎత్తే నరం ఆపరేషన్‌లో ఒత్తిడికి లోనవడంతో చేయి పైకి లేవదు. రోజూ భుజానికి కసరత్తు చేయించాలి, నోరు తెరిపించే వ్యాయామం చేయించాలి. లేకపోతే నోట్లో రెండు వేళ్లు కూడా పట్టని పరిస్థితి వస్తుంది. నొప్పి భరించలేని మనిషి ఈ కసరత్తులేవీ చేయడు. భుజం బిగుసుకుపోతుంది, నోరు మూసుకుపోతుంది, గొంతు దిగేది గంజి ఒక్కటే. ఆపైన చాలామందికి ‘కరెంటు పెట్టించాలి’, అంటే రేడియేషన్ ఇవ్వాలి. అది ఆపరేషన్ జరిగిన ఆరు వారాల్లోపు మొదలు కావాలి, మధ్యలో ఆగకూడదు. రేడియేషన్ మొదలయ్యాక రెండు మూడు వారాలకు నోరంతా పూసి, ఉమ్మి మింగినా నిప్పు మింగినట్లుంటుంది. సరిగ్గా అక్కడే మనవాళ్లు ‘ఇంక నా వల్ల కాదు’ అని బస్సెక్కి ఊరికొచ్చేస్తారు. రిజిస్టర్లలో దీన్ని చికిత్స మధ్యలో మానేయడం అని రాసుకుంటారు. నిజానికి అందులో పెద్ద వాటా నొప్పిది. సర్జన్ ఆరేడు గంటలు నిలబడి చేసిన పనిని ఒక మాత్ర లేకపోవడం పాడుచేస్తోంది.

మత్తుమందుకూ క్యాన్సర్ ఆపరేషన్‌కూ సంబంధం మనం అనుకున్నదానికంటే లోతైనదేమో కూడా. టాటా మెమోరియల్ ఆధ్వర్యంలోనే దేశంలోని 11 కేంద్రాల్లో సుమారు 1,600 మంది రొమ్ము క్యాన్సర్ రోగుల మీద చేసిన అధ్యయనం 2023లో వెలువడింది. గడ్డ తీయడానికి పది నిమిషాల ముందు దాని చుట్టూ లిగ్నోకెయిన్ ఇచ్చారు. పన్ను పీకేటప్పుడు చిగురుకు పొడిచే మామూలు తిమ్మిరి మందే అది. ఆ సూది తీసుకున్నవారిలో ఐదేళ్ల తర్వాత 90.1 శాతం బతికి ఉన్నారు, తీసుకోనివారిలో 86.4 శాతం. ఇక్కడ మేలు చేసింది నొప్పి తగ్గడం కాదు, కణాల మీద ఆ మందు చూపే ప్రభావం కావచ్చని పరిశోధకుల ఊహ. కాబట్టి దీన్ని నా వాదనకు రుజువుగా చూపడం లేదు. కానీ మత్తు డాక్టరు చేతిలోని చవక మందు సర్జన్ పనికి ఇంత బలం చేకూర్చగలిగితే, ఆ ఇద్దరినీ రెండు వేర్వేరు శాఖలుగా, రెండు వేర్వేరు బడ్జెట్లుగా చూడటం ఎంతవరకు సబబు?

మరోపక్క కత్తి మీద అతి నమ్మకం కూడా మన రాష్ట్రానికి బాగా తెలిసిందే. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల శాతంలో దేశం మొత్తం మీద ఆంధ్రప్రదేశ్ ముందుంది. 15 నుంచి 49 ఏళ్లవారిలో 8.9 శాతమని 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. తెల్లబట్టతో వెళ్లిన మనిషిని ‘ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుంది’ అని బెదిరించి కోసి పంపిన కేసులు వాటిలో తక్కువేమీ కాదు. ఇక నిజంగా క్యాన్సర్ ఉన్నచోట కూడా ప్రతిసారీ కోతే సమాధానం కాదు. రొమ్ము క్యాన్సర్ ఒళ్లంతా పాకాక అసలు గడ్డను తీసినంత మాత్రాన ఆయుష్షు పెరగదని టాటా మెమోరియల్ 2015లోనే చూపించింది. అలాగని పాకిన క్యాన్సర్‌లో సర్జన్‌కు పని లేదనీ కాదు. పేగు మూసుకుపోయినవారికి పక్కదారి వేయడం, గడ్డ తిని గుల్లచేసిన తొడ ఎముకకు రాడ్ వేయడం బతుకును నిలబెట్టే ఆపరేషన్లే. వాటి లక్ష్యం నయం చేయడం కాదు, నొప్పి తీర్చడం. ఎప్పుడు కోయాలి, ఎప్పుడు ఆగాలి అన్న తీర్పు నొప్పి వైద్యం తెలిసిన డాక్టరు పక్కన కూర్చున్నప్పుడే సరిగా వస్తుంది. ఆ డాక్టరు లేనిచోట రోగికి మిగిలేవి రెండే దారులు: ఇంకో ఆపరేషన్, లేదా ఇంటికి తీసుకుపొమ్మనే మాట.

నొప్పికి మందు కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే మూడు మెట్ల పద్ధతి చెప్పింది. మామూలు నొప్పి మాత్రతో మొదలుపెట్టి, చాలకపోతే మార్ఫిన్ దాకా వెళ్లాలి. మార్ఫిన్ మాత్ర ధర కొద్ది రూపాయలే. నాలుగు గంటలకోసారి వేసుకోవాలి, అదీ నొప్పి లేచాక కాదు, లేవకముందే గడియారం చూసి. నిద్ర చెడకుండా పడుకునేటప్పుడు మాత్రం రెట్టింపు మోతాదు ఇస్తారు. మలబద్ధకం తప్పదు కాబట్టి విరేచనం మందు మొదటి రోజు నుంచే జతచేయాలి. తొలి రోజుల్లో వికారం, మగత ఉంటాయి, తర్వాత తగ్గుతాయి. ఏ ప్రభుత్వ డాక్టరైనా కొద్దిపాటి శిక్షణతో నేర్చుకోగల పని ఇది. మరి ఎందుకు అందడం లేదు? 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం గంజాయి వ్యాపారినీ ఆసుపత్రినీ ఒకే కంటితో చూసింది. నాలుగైదు లైసెన్సులు, చిన్న పొరపాటుకూ జైలు భయం. ఫలితంగా 1985-97 మధ్య దేశంలో మార్ఫిన్ వాడకం 97 శాతం పడిపోయింది. 1997లో ఇంత పెద్ద దేశం మొత్తం వాడింది 18 కిలోలు. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వ అనుమతితోనే నల్లమందు పండించి విదేశాలకు ఎగుమతి చేస్తున్న దేశం మనది! 2014లో చట్టాన్ని సవరించారు. మార్ఫిన్ సహా ఆరు మందులకు పాత లైసెన్సుల గొడవ పోయి, ఔషధ నియంత్రణ అధికారి గుర్తింపు ఒక్కటే చాలన్నారు. చట్టం మారింది గానీ అలవాటు మారలేదు. అవసరమైన దానిలో మన దేశంలో అందుతున్నది 4 శాతమేనని 2017లో లాన్సెట్ కమిషన్ లెక్కతేల్చింది.

‘మార్ఫిన్ ఊళ్లలోకి వదిలితే యువత చెడిపోదా, అమెరికాలో ఏమైందో చూడలేదా’ అంటారు. అమెరికాలో జరిగింది నిజం, భయపడాల్సిందే. అక్కడ కంపెనీలు నడుంనొప్పికి, మోకాలినొప్పికి కూడా ఖరీదైన ఓపియాయిడ్లను, అంటే మార్ఫిన్ కోవకు చెందిన మందులను, ఏళ్ల తరబడి రాయించాయి. ఇక్కడ అడుగుతున్నది క్యాన్సర్ రోగికి, గుర్తింపు ఉన్న ఆసుపత్రి నుంచి, పేరు, మోతాదు, మాత్రల సంఖ్య రిజిస్టరులో ఎక్కించి ఇచ్చే మందు. కేరళలో ఈ పద్ధతి దశాబ్దాలుగా నడుస్తోంది. 2008లో పాలియేటివ్ వైద్యానికి, అంటే నొప్పిని, బాధను తగ్గించే వైద్యానికి, ఒక విధానం ప్రకటించి దాన్ని పంచాయతీల దాకా తీసుకెళ్లారు. పైగా మార్ఫిన్ ఇవ్వకపోతే మన పల్లెల్లో రోగి మందు లేకుండా ఉండడు. ఆర్‌ఎంపీ దగ్గర రోజుకో డైక్లోఫెనాక్ సూది పొడిపించుకుంటాడు. నెలల తరబడి అలా వాడితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. ప్రమాదం గురించే మాట్లాడుకునేట్లయితే దీని గురించి ఎందుకు మాట్లాడరు?

ఇంకో అభ్యంతరం రోగి ఇంట్లోనే పుడుతుంది. మార్ఫిన్ అంటే చావు దగ్గరపడిందని గుర్తు అనుకుంటారు. చివరి వారంలో మాత్రమే ఇస్తే అది అలాగే కనిపిస్తుంది మరి. అమెరికాలో ఊపిరితిత్తుల క్యాన్సర్ ముదిరిన 151 మందిపై చేసిన అధ్యయనం 2010లో వచ్చింది. క్యాన్సర్ చికిత్సతో పాటు మొదటి నుంచే పాలియేటివ్ వైద్యం అందినవారి మధ్యస్థ (మీడియన్) జీవితకాలం 11.6 నెలలు, అందనివారిది 8.9 నెలలు. పైగా మొదటివారికి చివరి రోజుల్లో అనవసర చికిత్సల బాధ కూడా తక్కువగా ఉంది. ఒక్క అధ్యయనంతో ఆయుష్షు పెరుగుతుందని తీర్మానించలేం. ప్రాణం తీస్తుందన్న భయానికి మాత్రం అది గట్టి సమాధానం.

అన్నిటికంటే బరువైన ప్రశ్న డబ్బు గురించి. సర్జన్లకే కొరత ఉంది, ముందుగా గుర్తించే పరీక్షలకే నిధులు చాలవు, ఇప్పుడు నొప్పి వైద్యానికి ఎక్కడి నుంచి తేవాలి? ప్రశ్న న్యాయమైనదే. ఒకవేళ రెంటిలో ఒకటే ఎంచుకోవాలంటే నేనూ ముందుగా గుర్తించి కోయడానికే ఓటేస్తాను. కానీ ఎంచుకోవాల్సిన అవసరం రాలేదు. ఒక రేడియేషన్ యంత్రం ఖర్చులో చిన్న భాగంతో కర్నూలు, కడప ఉమ్మడి జిల్లాలకు మార్ఫిన్ సరిపోతుంది, డాక్టర్లకు, నర్సులకు శిక్షణా అవుతుంది. మనుషుల సంగతికొస్తే, కేరళలా ఇక్కడ స్వచ్ఛంద సేవకుల దండు లేని మాట నిజమే. తెలంగాణకూ అది లేదు. అయినా ఎంఎన్‌జేలో డాక్టర్ గాయత్రి పాలట్ బృందం మొదలుపెట్టిన పని అక్కడి జిల్లా ఆసుపత్రుల్లోని పాలియేటివ్ కేంద్రాలకు దారి చూపింది. మనకు గ్రామ ఆరోగ్య కేంద్రాలున్నాయి, నర్సింగ్ చదివినవారు అక్కడ పనిచేస్తున్నారు, ఆశా కార్యకర్తకు ఏ ఇంట్లో ఎవరు మంచాన పడ్డారో తెలుసు. ఆదోని నుంచి కర్నూలుకు సుమారు వంద కిలోమీటర్లు. పది మాత్రల కోసం దవడ కట్టుతో ఆ దారిన రోగిని తిప్పడం వైద్యం అనిపించుకోదు.

కాబట్టి కొత్త భవనాలకు శిలాఫలకాలు వేసే నాయకులు, వాటిని నడిపే అధికారులు మూడు పనులు చేయాలి. ఆదోని, నంద్యాల, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రభుత్వ ఆసుపత్రులకు మార్ఫిన్ నిల్వకు గుర్తింపు ఇప్పించి, ఒక్కో చోట కనీసం ఒక డాక్టరుకు శిక్షణ ఇవ్వాలి. రాష్ట్ర ప్రభుత్వ ఆరోగ్య పథకంలో క్యాన్సర్ ఆపరేషన్‌కు కట్టే ధరలోనే ఇంటికి వెళ్లాక నొప్పి చూసుకునే బాధ్యతనూ చేర్చి, ఆ బాధ్యత తీరాకే చివరి విడత చెల్లించాలి. కర్నూలు, కడప కేంద్రాలు ఏటా ఎన్ని ఆపరేషన్లు చేశాయో చెప్పేటప్పుడు, ఎంతమంది రోగులకు మార్ఫిన్ అందిందో కూడా ఆ పక్కనే ప్రకటించాలి. ఇక పాఠకులకు ఒక మాట. మీ ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ ఆపరేషన్ తేదీ ఖాయమైతే, ఖర్చెంత, ఎన్ని రోజులుండాలి అని అడిగినప్పుడే, నొప్పికి ఏమిస్తారు, మా ఊళ్లో అది ఎక్కడ దొరుకుతుంది అని కూడా అడగండి. డిశ్చార్జి చీటీలో ఆ జవాబు రాయించుకుని మరీ ఇంటికి రండి.