నోటి దుర్వాసనకు మూలమెక్కడ?

తన నోటి వాసన తనకు తెలియదు. ముక్కు దానికి అలవాటుపడి ఉంటుంది. తెలిసిన ఎదుటివారు మొహమాటం కొద్దీ చెప్పరు. ‘ఎవరి కంపు వారికింపు’ అన్న సామెత ఎగతాళికి పుట్టినా, ఈ విషయంలో అక్షరసత్యం. ఈ మౌనం వల్ల నష్టపోయేది మర్యాద ఒక్కటే కాదు. చిగుళ్ళ వ్యాధి ఎన్నో ఏళ్ళు గుట్టుగా ముదరడానికి కూడా ఇదే కారణం.

ఈ బాధకు దారితీసే అలవాట్లన్నీ ఒక్కచోట చూడాలంటే ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ మంచి ఉదాహరణ. పూర్వపు బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి తెలుగు కుటుంబాలెన్నో అక్కడ స్థిరపడ్డాయి. 2003లో ఆ పట్టణం ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రమయింది. రాత్రింబవళ్ళు బొగ్గు బళ్ళు నడిచే చోట రైలు నడిపేవారి నిద్రకూ భోజనానికీ వేళాపాళా ఉండదు. మేలుకొని ఉండడానికి టీ, ఖైనీ తోడవుతాయి. ఇంజనులో మరుగుదొడ్డి వసతి లేనప్పుడు నీళ్ళు తాగడమే తగ్గించుకునేవారుంటారు. నోరు ఎండిపోవడానికి ఇంతకంటే ఏం కావాలి?

కడుపు కాదు, నాలుక

నోరు వాసన వేస్తోందనగానే చాలామంది కడుపును అనుమానించి జీర్ణశక్తికి మందులు కొంటారు. కాని పదిమందిలో ఎనిమిది, తొమ్మిదిమందికి దుర్వాసన పుట్టేది నోటిలోనే. నాలుక వెనుక భాగాన, పళ్ళ సందుల్లో, చిగుళ్ళ అడుగున ప్రాణవాయువు సోకని చోట్ల సూక్ష్మజీవులు చేరి, ఆహారపు తునకల్లోని మాంసకృత్తులను కుళ్ళబెడతాయి. అప్పుడు గంధకంతో కూడిన వాయువులు వెలువడతాయి. వాటిలో హైడ్రోజన్ సల్ఫైడ్‌ది మురిగిన గుడ్డు వాసన. మిథైల్ మెర్కాప్టాన్‌ది కుళ్ళిన క్యాబేజీ వాసన.

ఈ మలినాన్ని నిరంతరం కడిగివేసేది లాలాజలం. నిద్రలో అది తగ్గిపోతుంది కనుకనే తెల్లవారి ప్రతివారి నోరూ కొంత వాసన వేస్తుంది. పళ్ళు తోముకుంటే పోయే ఆ వాసన వ్యాధి కాదు. రోజంతా వదలనిదాన్నే పట్టించుకోవాలి. ఉల్లి, వెల్లుల్లి సంగతి వేరు. వాటి ఘాటు రక్తంలో కలిసి ఊపిరితిత్తుల గుండా వస్తుంది కనుక ఎంత తోమినా వెంటనే పోదు. కొన్ని గంటలు ఓపిక పట్టవలసిందే.

గుడాఖు చేసే మాయ

ఛత్తీస్‌గఢ్ ప్రాంతంలో గుడాఖు అనే ముద్దను వేలితో పళ్ళకూ చిగుళ్ళకూ రుద్దుకునే అలవాటు ఆడవారిలోనూ మగవారిలోనూ ఉంది. అది పొగాకును బెల్లపు మడ్డితో కలిపి చేసినది. రుద్దగానే నోరు శుభ్రపడినట్లు, ఒళ్ళు తేలికపడినట్లు తోస్తుంది. ఆ హాయి నికోటిన్‌ది, శుభ్రతది కాదు. క్రమంగా రోజుకు ఒకసారి నాలుగుసార్లవుతుంది. పళ్ళపొడుల్లోనూ టూత్‌పేస్టుల్లోనూ పొగాకు కలపడాన్ని కేంద్ర ప్రభుత్వం 1992లో నిషేధించినా ఈ అలవాటు మాసిపోలేదు.

చుట్ట నిప్పు కొసను నోటిలో పెట్టుకునే శ్రీకాకుళం పల్లెల అడ్డపొగ కూడా ఇటువంటిదే. వాసన వీటి వల్ల కలిగే కీడులో చిన్నది. చిగుళ్ళు పళ్ళను వదిలివేయడం, నోటి కాన్సర్ అసలు ప్రమాదాలు. నోటిలో తెల్లని లేక ఎర్రని మచ్చ కనిపించినా, పుండు రెండు మూడు వారాల్లో మానకపోయినా, నోరు పూర్తిగా తెరుచుకోకపోయినా ఆలస్యం చేయక వైద్యుణ్ణి చూడాలి. సోంపు, ఏలకులు, తాంబూలం వాసనను కాసేపు కప్పుతాయి గాని మూలాన్ని తాకవు.

చేయవలసినవి

ముంజేతిని నాలుకతో తడిపి, పది సెకన్లు ఆరనిచ్చి వాసన చూస్తే కొంతవరకు తెలుస్తుంది. ఇంట్లో దగ్గరివారిని అడగడం అంతకంటె నమ్మదగిన పరీక్ష.

రోజుకు రెండుసార్లు ఫ్లోరైడ్ పేస్టుతో పళ్ళు తోముకోవాలి. వాటిలో ఒకటి పడుకోబోయే ముందు కావాలి. రాత్రి డ్యూటీ చేసి పగలు నిద్రపోయేవారికీ ఇదే నియమం. నాలుకబద్దతో వెనుకనుంచి ముందుకు మెల్లగా గీయాలి. పళ్ళ సందులను దారంతో శుభ్రపరచాలి. తరచు నీళ్ళు తాగాలి. కట్టుడు పళ్ళను రాత్రి తీసి కడిగి ఉంచాలి. ఆల్కహాలు కలిసిన పుక్కిలి మందులు నోటిని ఇంకా ఎండబెట్టవచ్చు.

చిగుళ్ళనుంచి రక్తం వస్తూంటే దంతవైద్యునిచేత గార తీయించుకోవాలి. గార తీయిస్తే పళ్ళు కదులుతాయన్న భయం నిరాధారం. అప్పటికే దెబ్బతిన్న చిగుళ్ళ సందులను గార కప్పి ఉంచుతుంది. తీశాక అవి కనబడతాయి, అంతే.

ఇన్ని చేసినా వాసన పోకపోతే టాన్సిల్స్‌లో, సైనస్‌లలో కారణం వెతకాలి. లాలాజలాన్ని తగ్గించే మందులు కొన్ని ఉన్నాయి. వాటి సంగతి వైద్యుణ్ణి అడగాలే తప్ప సొంతంగా మానరాదు. మధుమేహ రోగి ఊపిరి మాగిన పండులా వాసన వేసి, వాంతులు, ఆయాసం ఉంటే తక్షణం ఆస్పత్రికి తీసుకువెళ్ళాలి. అమోనియా ఘాటు మూత్రపిండాల వ్యాధికి సూచన కావచ్చు.

తోటివారి నోటి వాసన తెలిసినవారు పదిమందిలో ముక్కు మూసుకోవడం కంటె, ఒంటరిగా ఉన్నప్పుడు మెత్తగా ఒక మాట చెప్పడం మేలు. ఆ మాట ఒకరి పళ్ళను, ఒక్కొక్కప్పుడు ప్రాణాన్ని కాపాడవచ్చు.