గది లేనివాళ్ళ ఢిల్లీ

ఏటా సెప్టెంబరు 6 వస్తే చాలు, మన టైమ్‌లైన్లన్నీ ఇంద్రధనుస్సు రంగులు పూసుకుంటాయి. 2018లో సుప్రీంకోర్టు సెక్షన్ 377 కోరలు పీకిన రోజది. పండగ చేసుకోవద్దని ఎవరంటారు? చేసుకోండి. కానీ "ఆ రోజు స్వేచ్ఛ వచ్చింది" అని రాస్తారు చూడండి, నా పేచీ అంతా అక్కడే. మరి అంతకుముందు ఢిల్లీలో బతికిన గే మనుషులు ఏం చేస్తున్నట్టు? తీర్పు కోసం చీకట్లో కూచుని ఎదురుచూస్తున్నారా?

కోర్టు తేదీలే చరిత్ర అనుకుంటే లెక్క ఇలా తేలుతుంది: 2009 జులై 2న ఢిల్లీ హైకోర్టు ఇచ్చింది. 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు లాగేసుకుంది. 2018లో మళ్ళీ ఇచ్చింది. 2023 అక్టోబరు 17న పెళ్ళి దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేసింది. ఇలా ఇచ్చి పుచ్చుకునేదాన్ని చరిత్ర అనరు, దయ అంటారు.

చరిత్ర కావాలంటే కన్నాట్ ప్లేస్ నడిమధ్య సెంట్రల్ పార్కుకి వెళ్ళాలి. ఇంటినిండా జనం ఉన్నవాళ్ళకి, అద్దె గదిలో నలుగురితో సర్దుకునేవాళ్ళకి, వేసుకోడానికి తమదంటూ ఒక తలుపు లేనివాళ్ళకి సాయంత్రం పూట ఆ పచ్చికే గది. పోలీసులకీ ఆ సంగతి తెలుసు. 1992లో అక్కడ ఉన్న మగవాళ్ళని కేవలం అనుమానం మీద పట్టుకుపోయారు. ఆ ఆగస్టు 11న 'ఎయిడ్స్ భేద్‌భావ్ విరోధీ ఆందోళన్' అనే చిన్న బృందం పోలీసు హెడ్‌క్వార్టర్స్ ముందుకెళ్ళి నిరసన తెలిపింది. గే మనుషుల కోసం మన దేశంలో వీధికెక్కిన తొలి నిరసనల్లో అదొకటి.

అంతకు ముందు ఏడాదే వాళ్ళు 'లెస్ దేన్ గే' అనే రిపోర్టు అచ్చేసి, 377 పోవాలని అడిగారు. 1994లో తీహార్ జైల్లో కండోములు ఇవ్వడానికి అధికారులు ఒప్పుకోకపోతే, 377 మీద ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళిందీ వాళ్ళే. అది నానీ నానీ 2001లో కొట్టుడుపోయింది. గమనించారా? ఆ పిటిషన్ పుట్టింది ప్రేమికుల పడగ్గదిలో కాదు, ఖైదీల బ్యారక్‌లో.

1998 డిసెంబరులో 'ఫైర్' సినిమా ఆడుతున్న రీగల్ థియేటర్ మీద శివసేన వాళ్ళు దాడి చేశారు. తర్వాత అదే థియేటర్ ముందు కొవ్వొత్తులు పట్టుకున్న గుంపులో ఒక అట్ట లేచింది: 'ఇండియన్ అండ్ లెస్బియన్'. రీగల్ కూడా కన్నాట్ ప్లేస్‌లోదే.

తీర్పుల వల్ల ఏమీ ఒరగలేదని అనను. 377 చూపించి బెదిరించే పోలీసు చేతిలోంచి లాఠీ కాస్త జారింది. అయితే 2009, 2018 తీర్పులు రెండూ కాపాడింది ఏకాంతంలో, ఇష్టపడి కలిసిన పెద్దవాళ్ళని. ఢిల్లీలో ఏకాంతాన్ని చదరపు అడుగుల లెక్కన అమ్ముతారు. కొనగలిగినవాడికి తీర్పు తలుపు దగ్గరికొచ్చింది. పార్కులో దొరికిపోయి ఈ పోరాటాన్ని మొదలుపెట్టించినవాడికి ఇప్పటికీ గది లేదు. మనం రాసే చరిత్రలో కూడా చోటు లేకపోతే ఎట్లా?

ఈసారి సెప్టెంబరు 6న పోస్టు రాసేముందు ఆగస్టు 11ని ఒక్కసారి తలుచుకోండి. కోర్టుకి థాంక్స్ తర్వాత చెబుదురుగాని.