సంగానికీ ఒక డిటెక్టివ్ కావాలి

పల్లెటూరి డిటెక్టివ్ సిరీస్‌లో మొదటి నవల చదివినవాళ్లు తరచూ ఒకే ఫిర్యాదు చేస్తారు. హత్య జరగడానికే బోలెడు పేజీలు పట్టిందని, ఈలోగా ఊళ్లోవాళ్ల పేర్లు గుర్తుపెట్టుకోలేక తలప్రాణం తోకకొచ్చిందని. నిజమే, కానీ ఆ నవల చేయాల్సిన అసలు పని అదే. అగాథా క్రిస్టీ 1930లో మిస్ మార్పుల్‌ని తొలిసారి నవలలోకి తెచ్చిన ‘ది మర్డర్ ఎట్ ది వికారేజ్’ చూడండి. సెయింట్ మేరీ మీడ్ అనే చిన్న ఊళ్లో, పాస్టరుగారి చదువుగదిలో కల్నల్ ప్రోథెరో హత్యకు గురవుతాడు. కథ చెప్పేది ఆ పాస్టరే. మార్పుల్ పొరుగింటి పెద్దావిడ, తోటపని చేసుకుంటూ దారినపోయేవాళ్లందరినీ కనిపెట్టి చూసే మనిషి. ఆ గదిలో గడియారాన్ని పావుగంట ముందుకు తిప్పి ఉంచడం పాస్టరుకు అలవాటు. ఆ సంగతి ఇంట్లోవాళ్లకు తెలుసు, బయటినుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరుకు తెలీదు. పైగా పాస్టరు చెప్పబోతే వినిపించుకోడు కూడా! వేలిముద్రల కంటే ఊరి అలవాట్లు తెలియడమే దర్యాప్తుకు ముఖ్యమని ఈ ఒక్క గడియారం చాలు చెప్పడానికి.

మన అపరాధ పరిశోధన సాహిత్యం ఈ దారి పట్టలేదు. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌నీ, అసిస్టెంటు రాజునీ తెలుగువాళ్లు అద్దె పుస్తకాల షాపుల్లో ఎగబడి చదివారు. కానీ యుగంధర్ మద్రాసు మనిషి, కారు లేనిదే కదలడు. 2019లో వచ్చిన ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ సినిమా డిటెక్టివ్ ఆఫీసుని నెల్లూరికి తెచ్చింది. మెచ్చుకోవాల్సిందే, అయినా అది టౌను. పల్లె మాత్రం మన థ్రిల్లర్లలో ఎక్కువగా దయ్యానికో, ఫ్యాక్షనుకో కేటాయించిన సెట్టింగుగానే మిగిలిపోయింది.

నెల్లూరు దాటి కాస్త పడమరకు వెళితే సంగం. పెన్న ఒడ్డు, కామాక్షీ సంగమేశ్వరుల గుడి, ఊరి మీదుగా పోయే ముంబయి రోడ్డు. బ్రిటిష్‌వాళ్లు కట్టిన పాత ఆనకట్ట మీదుగానే ఒకప్పుడు పొదలకూరు వైపు రాకపోకలు. పెన్నకు వరదొస్తే ఆ దారి బంద్. 2022 సెప్టెంబరు 6న బ్యారేజీ ప్రారంభమయ్యాక, దానిమీది వంతెనతో ఆ బాధ తీరింది. కథను ఆ వంతెన రాకముందు కాలంలో పెట్టి, అనుమానితుడు ‘ఆ రాత్రి పొదలకూరు పోయి తెల్లారేసరికి వచ్చేశా’ అన్నాడనుకోండి. ఆ మాట అబద్ధమో కాదో తేల్చేది లాయరు కాదు, ఆనాడు పెన్నలో పారిన నీళ్లు. ఏ గేటు ఎప్పుడెత్తారో లస్కరుకు తెలుసు. కాలవ నీళ్లు ఎవరి వంతు నాడు ఎవరి మడికి పారాయో పక్క మడి రైతుకు తెలుసు. నవలాకారుడికి ఇంతకంటే ఏం కావాలి?

పల్లెలో అందరికీ అన్నీ తెలుసు, ఇంక మిస్టరీ ఎక్కడిదని అడిగేవాళ్లున్నారు. తెలియడం వేరు, స్టేషన్లో చెప్పడం వేరు. కులం, అప్పు, బంధుత్వం, రేపు మళ్లీ ఆ మనిషి గడపే తొక్కాల్సిన అవసరం, ఇవన్నీ నోరు నొక్కుతాయి. ఆ మౌనాన్ని విప్పడమే కథ. ఇంతకంటే గట్టి అభ్యంతరం ఇంకొకటుంది. ఇంగ్లీషు పల్లెలో హంతకుడు దొరికితే ఊరు మళ్లీ ప్రశాంతమైపోతుంది, మన ఊళ్లలో నిజం బయటపడితే గొడవలు మొదలవుతాయి కదా అని. ఇది కాదనలేం. అందుకే మార్పుల్‌కి చీరకట్టి దించితే కుదరదు. మన డిటెక్టివ్ రిటైరైన పంతులమ్మో, పోస్టుమాస్టరో, ఆశా వర్కరో కావాలి. నిజం తెలుసుకున్నాక దాన్ని ఎవరికి, ఎంతవరకు చెప్పాలన్నది కూడా ఆ మనిషి తేల్చుకోవాల్సిందే. మార్పుల్‌కి లేని ఈ చిక్కు మన నవలకు బలమే అవుతుంది.

పాఠకులు ఓపిక పట్టరన్న వాదన నాకు నమ్మశక్యంగా లేదు. వందల ఎపిసోడ్ల టీవీ సీరియల్లో ఎవరి ఆడపడుచు ఎవరో తడుముకోకుండా చెప్పేవాళ్లకు ఊళ్లో ఇరవైమంది పేర్లు ఒక లెక్కా? లోపం రాసేవాళ్ల తొందరలో ఉంది. మొదటి నవలలోనే మూడు శవాలు, రెండు ఛేజులు పెట్టేస్తే రెండో నవలకు ఊరే మిగలదు. ఆదివారం సంచికలు నడిపే సంపాదకులు ఇలాంటి నవలను ఒక్కదాన్నైనా సీరియల్‌గా వేయాలి. మొదటి నాలుగు వారాలు హత్య లేకపోయినా ఆపకుండా వేయాలి.