గాలము పట్టినవాని చదువు

ఫాల్గునము వెడలి చైత్రము ప్రవేశించు దినములలో, ఆదివారమునాడు ఇంకను తెల్లవారకముందే, మాదాపురము, రాయదుర్గము, ఖాజాగూడ, నల్లగండ్ల ప్రాంతముల చెరువుగట్లపై కొందరు యువకులు కనబడుచుందురు. వారమంతయు గాజుమేడలలో కంప్యూటరు ముందు గడపినవారే. భుజమున సంచి, చేత గాలపు గడ, ఒక డబ్బాలో తడిమన్ను, ఆ మన్నులో ఎర్రలు. ఒక బండపై చతికిలబడి, దారమును నీటిలో విడిచి, బెండు వంక చూచుచు కూర్చుందురు. గట్టు చుట్టును వేసిన బాటపై ఆరోగ్యమునకై వడివడిగా నడచువారు వారిని చూచి నవ్వుకొందురు. ఇంత చదువు చదివి చేపలకు కాపలా కాయుచున్నారా అని పెద్దవారొకరు అననే అందురు. బజారులో క్షణములో దొరకు చేపకై పూటంతయు పోగొట్టుకొనుట ఏమి లెక్క అని మరియొకరి సందేహము.

లెక్క చూచినచో ఆ పెద్దమనిషి మాట నిజమే. కాని బాటపై నూరుమార్లు తిరిగినవానికి ఆ చెరువు లోతెంతయో తెలియదు. గాలము వేసినవానికి మొదటి పూటనే తెలియును. బెండుకును కొక్కెమునకును నడుమ దారమెంత విడువవలయునో తేల్చుకొనుటకు అడుగు ఎక్కడనున్నదో వాడు కనుగొనవలయును. గాలి ఎటు వీచుచున్నది, రెల్లు ఎక్కడ దట్టముగానున్నది, మురుగు ఏ మూలనుండి కలియుచున్నది, ఇవన్నియు వానికి పనికివచ్చు సంగతులు. నగరమున చెరువును చూచుటకు వచ్చువారు వేలకొలది కలరు. 2020 సెప్టెంబరులో దుర్గముచెరువుపై తీగల వంతెన వెలసినది మొదలు ఆ సంఖ్య మరింత పెరిగినది. వారు చూచునది వంతెన దీపములను, నీటిలో ఆ దీపముల నీడలను. నీటిని చూచువారు బహు కొద్దిమంది. గాలము పట్టినవాడు ఆ కొద్దిమందిలో ఒకడు.

ఈ వినోదము ఇంగ్లీషువారివద్ద అరువు తెచ్చుకొన్నదని పలువురి తలంపు. ఇంగ్లండులో గాలపువేటను గూర్చిన తొలి గ్రంథము అచ్చయినది 1496లో. ఐజాక్ వాల్టన్ రచించిన సుప్రసిద్ధ గ్రంథము 1653 నాటిది. ఆ మొదటి పుస్తకమునకు మూడున్నర శతాబ్దములకు పూర్వమే, 1130 ప్రాంతమున, కల్యాణపుర చాళుక్యప్రభువగు మూడవ సోమేశ్వరుడు సంస్కృతమున 'మానసోల్లాసము' అను గ్రంథమును సంతరించెను. 'అభిలషితార్థచింతామణి' అనియు దానికి పేరు. రాజు నేర్వవలసిన విద్యలు, అనుభవింపదగిన భోగములు, వినోదములు అందు వర్ణితములు. ఆ వినోదములలో మత్స్యవినోదమొకటి. 30కి పైగా చేపల రకములు, వాటిలో పొలుసు గలవి, లేనివి, సముద్రమున నుండునవి, నదులలో నుండునవి, ఏ చేపకు ఏ ఎర రుచించునది, గడ ఎట్లుండవలెను, దారము దేనితో పేనవలెను, ఇన్ని సంగతులు అందు కలవు. జంతుశాస్త్రజ్ఞుడు సుందర్‌లాల్ హోరా ఈ ప్రకరణముపై 1951లో వ్యాసము వ్రాసి విద్వాంసుల దృష్టికి తెచ్చెను. ఆ కల్యాణపురము నేటి బీదరు జిల్లాలోని బసవకల్యాణమే. జహీరాబాదు మీదుగా పోయినచో గచ్చిబౌలి నుండి ఒక పూట ప్రయాణము. ఆ కాలమున తెలంగాణములో పెక్కు భాగము ఆ చాళుక్యుల యేలుబడిలోనిది. కాకతీయులు వారికి సామంతులు. కనుక ఈ విద్యకు ఊరు వెదకుకొనుచు థేమ్సునది దాక పోవలసిన పని లేదు.

అయితే రాజుగారి పుస్తకము ఎవరివద్ద నేర్చి వ్రాసినది? రాజు స్వయముగా చేపల తిండి కనిపెట్టి యుండడు. ఆయనకు చెప్పినవారు జాలరులు. వారి పేర్లు గ్రంథమునకు ఎక్కలేదు. ఈ అన్యాయము చాళుక్యులతో ముగియలేదు కూడ.

నేటికిని ఆ విద్య గంగపుత్రుల యిండ్లలోను, ముదిరాజుల యిండ్లలోను మిగిలియున్నది. పుస్తకములో కనబడని సూక్ష్మములు వారి నోటనున్నవి. పరక ఎరను కొరుకదు, గిల్లును. అందువలన బెండు సన్నగా వణకును, తొందరపడి గుంజినవానికి ఒట్టి కొక్కెమే మిగులును. జెల్ల ఒక్కసారిగా మ్రింగును. దానిని పట్టుకొనునప్పుడు రెక్కల ముండ్లకు వెరవవలయును. బొచ్చె పైనీటిలో మేయును, మోసు అడుగున మేయును. రెండింటికి ఒకే లోతున ఎర వేయువాడు రెండింటిని పోగొట్టుకొనును. 1952లో మన దేశమునకు వచ్చిన ఆఫ్రికా చేప తిలాపియా ఏ నీటిలోనైన బ్రతుకును, ఏ పిండినైన తినును. ఆడుచేప గ్రుడ్లను నోటిలో పెట్టుకొని పొదుగును. నేడు నగరపు చెరువులలో క్రొత్తవాని గాలమునకు మొదట దొరకునది సాధారణముగా అదే.

వీటన్నిటిలో కొర్రమీను కథ వేరు. తల పామును తలపించును. మొప్పలతోపాటు పైగాలిని పీల్చు అవయవము దానికి కలదు. కావుననే అది నడుమ నడుమ నీటిపైకి వచ్చి గుటకవేసి పోవును. చెరువు ఎండి బురదయైనను కొంతకాలము ప్రాణము నిలుపుకొనును. 2016లో తెలంగాణ ప్రభుత్వము దీనిని రాష్ట్రమత్స్యముగా ప్రకటించినది. వానకాలమున చెరువు అంచున, గడ్డి నడుమ, ఎఱ్ఱని చిన్ని పిల్లల గుంపు నీటిపై సుడులు తిరుగుచుండును; వాటి క్రిందనే పెద్దచేప కావలియుండును. ఆ సమయమున దానికి ఎరపై ఆశ లేదు. పిల్లల దగ్గరకు వచ్చిన దేనినైనను తరుముటకు మీదపడును. ఆ కోపమును ఆసరా చేసికొని పట్టుట మిక్కిలి సులువు. పెద్దచేప పోయినచో ఆ గుంపునంతటిని ఇతర చేపలు, కొంగలు పూటలో తీర్చివేయును. తెలిసిన జాలరి ఆ గుంపును చూచి గడ దించును. గడకొని నెల తిరుగని యువకునికి అది అదృష్టముగా తోచును. వేటగానికిని వినోదికిని భేదము ఇక్కడ బయటపడుచున్నది, అదియు తలక్రిందులుగా!

కాలము విషయమున మరియొక పొరపాటు జరుగుచున్నది. ఇంగ్లీషు పుస్తకములు చదివి వసంతకాలపు వేట అని ముచ్చటపడువారు, ఆ దేశపు నదులలో సాల్మను, ట్రౌటు కాని సామాన్యపు చేపలను మార్చి 15 నుండి జూన్ 15 వరకు పట్టరాదను నిబంధన ఉన్నదని గుర్తింపరు. అవి గ్రుడ్లు పెట్టు కాలమది. 1878 నాటి చట్టముతో ఆ కట్టుబాటు మొదలైనది. మన చేపలకు వసంతము అట్టి కాలము కాదు. మనకు చైత్రవైశాఖములు నీరు ఇంకు కాలము. చేపలు లోతుమడుగులకు చేరును, ఉదయమున మాత్రమే మేతకు కదలును. వాటి సంతానకాలము తొలకరితో ఆరంభమగును. పరకలు, జెల్లలు, కొర్రమీనులు చెరువులలోనే గ్రుడ్లు పెట్టును. బొచ్చె, రోహు, మోసు నిలువనీటిలో పెట్టవు. వాటికి పారు వరదనీరు కావలెను. కనుకనే చెరువులలో పిల్లలను తెచ్చి విడువవలసి వచ్చినది. 1957 జులై 10న హీరాలాల్ చౌధురి ఒడిశాలోని అంగుల్‌లో ఈ చేపలచేత సూదిమందు సాయమున గ్రుడ్లు పెట్టించుటలో కృతార్థుడైన పిమ్మటనే ఆ పిల్లలు సమృద్ధిగా దొరకజొచ్చినవి.

సముద్రమున మనవారు ఈ నియమమును పాటించుచునే యున్నారు. తూర్పుతీరమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు మరపడవల వేట నిషిద్ధము. చెరువు దగ్గర గాలము పట్టువారు స్వయముగా ఆషాఢశ్రావణములను విడిచిపెట్టిన తప్పేమి? మృగశిరకార్తె నాడు చేప తినవలెనను ఆచారము మన ఊళ్లలో గట్టిది. దానికి అంగడిచేప చాలును. గ్రుడ్లతో నిండి ఎదురెక్కి వచ్చు చేపను అలుగు దగ్గర గోనెసంచితో, దోమతెరతో పట్టుట ఏ ఆచారమును చెప్పలేదు. పెద్ద చెరువుల గేట్లు ఎత్తిన దినమున దిగువన జరుగు కోలాహలమును చూచినవారికి ఈ మాట అర్థమగును.

ఇక అసలు చిక్కు నీరు. వేడిమి పెరిగిన కొలది నీటిలో ప్రాణవాయువు తగ్గును. 20 డిగ్రీల వేడిగల నీరు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు నిలుపుకొనగలదు. 30 డిగ్రీలకు చేరునప్పటికి ఏడున్నర. పై పెచ్చు మురుగు కలసిన చెరువులో పచ్చని నాచు దట్టముగా పెరుగును. అది పగలు ప్రాణవాయువును విడుచును గాని రాత్రియంతయు తానే పీల్చుకొనును. కావున తెల్లవారుజామున నీరు ఉక్కిరిబిక్కిరియై యుండును. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరచుచుండును. వేసవిలో పడు తొలివాన వీథుల మురికినంతటిని కడిగి చెరువున పోసినచో, మరునాటి ఉదయమునకు గట్టు పొడవునా తెల్లని పొట్టలు తేలును. ఇది నగరమున ఏటేటను ఎక్కడనో ఒకచోట జరుగుచునే యున్నది. అమీనుపురపు పెద్దచెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలముగా ప్రకటించిరి. నగర పరిసరములలోని ఒక చెరువుకు అట్టి గౌరవము దక్కుట దేశమున అదే మొదలు. మరుసటి యేడు, 2017 అక్టోబరులో, దానికి చేరువనేయున్న గండిగూడెము చెరువులో చేపలు టన్నులకొలది చచ్చి తేలినవి. ఆ చెరువును నమ్ముకొన్న మత్స్యకార కుటుంబములకు ఆ యేటి పంట అంతటితో సరి.

అట్టి ఉదయమున గాలము వేయుట ఘోరము. ఊపిరాడక పైకి వచ్చిన చేప ఎదుట ఎర వ్రేలాడదీయుట వేటయు కాదు, వినోదమును కాదు. గడను మూసి, నీటి రంగును, వాసనను, గంటను వ్రాసికొని సంబంధించిన అధికారులకు తెలుపుటయే అప్పటి పని. చెరువుల రక్షణకై 2024 జులైలో ప్రభుత్వము హైడ్రా అను సంస్థను నెలకొల్పినది. ఆక్రమణలను అది చూచుకొనవచ్చును. తెల్లవారుజామున నాలుగు గంటలకు నీరెట్లున్నదో చెప్పగలవాడు ఆ వేళ అక్కడ కూర్చున్నవాడే గదా!

పట్టి విడుచుట అను పద్ధతిని గూర్చి కూడ ఒక మాట. చేపను గాయపరచి, ఛాయాచిత్రము తీసికొని, మరల నీటిలో వేయుట పుణ్యమని కొందరి నమ్మకము. తినుటకై పట్టువానికి ఒక ఆకలియైనను సాకుగా నున్నది. ఇతనికి అదియు లేదు. అయినను నగరపు చెరువుల చేప తినదగినది కాదు గనుక, గాలము మానలేనివారికి వేరు దారి లేదు. ముల్లు లేని కొక్కెము వాడవలెను. చేయి తడిపి పట్టవలెను, పొడిచేయి తగిలినచో ఒంటిమీది జిగురుపొర ఊడి చేపకు తెగులు సోకును. గాలిలో ఉంచు కాలము మనిషి తన ఊపిరి బిగబట్టగల కాలమును మించరాదు. విడువరానిది మాత్రము ఒకటి కలదు. 2000లో కేంద్రప్రభుత్వము నిషేధించిన ఆఫ్రికా మార్పుచేప గాలమునకు తగిలినచో దానిని మరల చెరువులో వేయుట మన చేపలన్నిటికిని ద్రోహమగును.

చెరువు ఎవరిది అను ప్రశ్న మిగిలినది. ఊరి చెరువులలో చేపల హక్కు సాధారణముగా మత్స్యకార సహకార సంఘములది. పిల్లలను విడుచుట, కాపలా, వల, అమ్మకము వారివి, నష్టమును వారిదే. ఆదివారము వచ్చి గట్టున కూర్చుండువాడు వారికి అతిథి. అడిగి కూర్చుండవలెను, రుసుమున్నచో చెల్లింపవలెను. ఆ రుసుమునకు బదులు వానికి లభించునది చేప కన్న విలువైనది. ఆ సంఘములోని వృద్ధుని "తాతా, ఈ వేళ ఏ మూలన కూర్చుండుమందువు?" అని ఒక్కమారు అడిగి చూడవలెను. ఉస్మానుసాగరు, హిమాయతుసాగరుల వంటి త్రాగునీటి జలాశయములలో మరింత జాగ్రత్త కావలెను. తెగిన నైలాను దారమును, ప్లాస్టికు సంచులను వదలిపోవువానికి అక్కడ అడుగుపెట్టు అర్హతయే లేదు.

ఉపాధ్యాయులు ఈ విషయమున చేయదగినది కొంత కలదు. విద్యార్థులచేతికి కొక్కెము ఇయ్యనక్కరలేదు. బెండును, చిన్నరాయిని కట్టిన దారమొకటి చాలును. దానితో ఏ చోట ఎంత లోతో కొలిపించవచ్చును. ఫాల్గునమున ఒకమారు, వైశాఖమున ఒకమారు, భాద్రపదమున ఒకమారు. విజ్ఞానశాస్త్రపు పాఠమునకు అది చేరును. తెలుగు పాఠమునకు శాంతిపర్వములోని మూడుచేపల కథ ఉండనే యున్నది. దీర్ఘదర్శి, ప్రాప్తకాలజ్ఞుడు, దీర్ఘసూత్రుడు అని మూడు చేపలు ఒక మడుగులో నుండెను. జాలరులు నీటిని తోడివేయ మొదలిడగా దీర్ఘదర్శి ముందుగనే కాలువ వెంట మరియొక మడుగునకు పోయెను, రెండవది ఉపాయమున బ్రతికెను, మూడవది చచ్చెను. తరగతిగదిలో ఈ కథ నీతిగా ముగియును. దుర్గముచెరువు గట్టున చెప్పినచో, దీర్ఘదర్శి పోయిన కాలువ ఏదని పిల్లవాడు అడుగును. ఒకనాడు గోలకొండ కోటకు త్రాగునీరిచ్చిన చెరువది. ఒక చెరువు అలుగు మరియొక చెరువును నింపునట్లు మన పెద్దలు గొలుసుగా కట్టిన చెరువులు ఈ ప్రాంతమునిండ నుండెడివి. ఉపాధ్యాయుడు ఆ పిల్లవానిని వెంటబెట్టుకొని, గట్టు దిగి, రహదారి దాటి, ఆ కాలువను వెదకుకొనుచు పోవలసియుండును.