శోకమునకు దారి విడువవలె



నేత్రచలన చికిత్స కనికట్టు మాత్రమేనన్న గత సంచికలోని లేఖ నన్ను మిగుల నొప్పించినది. 1987లో అమెరికా మనస్తత్వవేత్త ఫ్రాన్సీన్ షపీరో ఆరంభించిన ఈ పద్ధతిని, ఘోరానుభవము వలన కలుగు మనోరుగ్మతకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సిఫారసు చేసినది. బాధితుడు తన్ను దహించు దృశ్యమును స్మరించుచు, చికిత్సకుని వ్రేళ్ల కదలికను కన్నులతో ఇటునటు అనుసరించును. స్మృతి చెరగిపోదు, దాని వాడి తగ్గును. కన్నుల కదలికయే ఇందుకు కారణమా యను వివాదము పండితులలో నేటికిని కలదు. అంతమాత్రమున ఫలితమును త్రోసిపుచ్చనేల?

శోకము వ్యాధి కాదన్న ఆ లేఖకుని మాట సత్యమే. కాని 2020 మే 7 వేకువను ఈ నగరపు ఆర్.ఆర్. వెంకటాపురమున కర్మాగారము నుండి స్టైరీన్ విషపుటావిరి క్రమ్ముకొని పలువురు అసువులు బాసిన నాడు, తనవారు వీథిలో కూలుట కన్నులార చూచినవానికి, వారి నగుమోము తలచుకొనబోయిన ప్రతిసారియు ఆ వీథియే యెదుట నిలుచునేని, వాడు తనివిదీర ఏడ్చుట యెట్లు? ఆ అడ్డు తొలగించుటకే ఈ చికిత్స. దుఃఖమును మాన్పుటకు గాదు. అయితే శిక్షణ లేనివారు దీనికి పూనుకొనరాదు. కర్మాగారముల నడుమ బ్రదుకు ఈ నగరమున, చినవాల్తేరు మానసిక వైద్యాలయముననే గాక కింగ్ జార్జి ఆసుపత్రియందును శిక్షితులైన చికిత్సకులను నియమింపవలెనని ప్రభుత్వమును కోరుచున్నాను.

ఒక పాఠకుడు,
విశాఖపట్నము