పాటకు ఎంత లాప్‌టాప్ కావాలి?

నాన్నగారికి బదిలీ అయితే మా సామాన్లు లారీ ఎక్కుతాయి. సంగీతం మాస్టారు మాత్రం ఆ ఊళ్లోనే ఉండిపోతారు. అందుకే పోయినసారి బయలుదేరే ముందు ఆయన పాఠాలు ఇంట్లోని పాత లాప్‌టాప్‌లో రికార్డు చేసుకున్నాం అక్కాచెల్లెళ్లం. తీరా కొత్త ఊరొచ్చి వింటే, మాస్టారి గొంతు కన్నా ఫ్యాను హోరే ఎక్కువ!

ఇప్పుడు ఇంకో లాప్‌టాప్ కొందామన్నారు నాన్నగారు. గేమింగ్‌ది తీసుకోమని స్నేహితుల సలహా. మేము ఒప్పుకోం. అది బరువు, ధరా ఎక్కువే, పని పెరిగితే ఫ్యాను మోత. ఒక గొంతు, ఒక తంబురా రికార్డు చేయడానికి 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్న సెకండ్‌హ్యాండ్ ఆఫీసు లాప్‌టాప్ చాలు. ఎస్‌ఎస్‌డీలో తిరిగే చక్రం ఉండదు కాబట్టి చప్పుడూ లేదు, రైలు కుదుపులకు భయమూ తక్కువ. సీడీ నాణ్యతలో నిమిషానికి సుమారు 10 ఎంబీ, అంటే గంట పాఠానికి 600 ఎంబీ. వందల గంటలు పడతాయి. ఆడాసిటీ సాఫ్ట్‌వేర్ ఎలాగూ ఉచితం.

మిగిలిన డబ్బు మంచి యూఎస్‌బీ మైకుకి పెట్టాలి. అసలు తేడా అక్కడే తెలుస్తుంది. పాతది కొనేటప్పుడు పైమెరుగు చూడకండి. పావుగంట వీడియో నడిపించి, చెవి దగ్గర పెట్టుకుని ఫ్యాను వినండి. ఛార్జర్ తీసేసి బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో చూడండి. దుకాణంవాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

వేసవి సెలవుల్లో రమ్మన్నారు మాస్టారు. ఈసారి మైకు ఆయన ముందు, లాప్‌టాప్ పొడవాటి వైరుతో గది అవతల.