గొలుసు ఇంకొకరి చేతికివ్వండి!

తుంటి మార్పిడి ఆపరేషన్ అయ్యాక నడక చాలా అవసరం. గుమ్మంలో టామీ తోకాడిస్తూ నిలబడితే నడవాలన్న హుషారూ వస్తుంది. కానీ తొలి వారాల్లో దాని గొలుసు మీరు పట్టుకోవద్దు. పిల్లిని చూసి అది ఒక్కసారి గుంజితే మీరు పడిపోవచ్చు, కొత్త కీలు జారిపోవచ్చు. గొలుసు ఇంట్లోవాళ్లకిచ్చి, వాకర్‌తో నెమ్మదిగా పక్కన నడవండి.

నడుం వంచి గిన్నె పెట్టొద్దు. తుంటి 90 డిగ్రీలకు మించి మడవొద్దని చాలామందికి డాక్టర్లు చెబుతారు. ఆ పని పిల్లలకు అప్పగించండి. ఎత్తైన కుర్చీలో కూర్చునే దాన్ని నిమరండి. కుట్ల దగ్గర నాకనివ్వొద్దు. రాత్రి లేస్తే ముందు లైటు వేయండి... అది మంచం పక్కనే పడుకుని ఉండొచ్చు!

గొలుసు మళ్లీ ఎప్పుడు పట్టుకోవాలో డాక్టర్‌నే అడగండి. టామీ ఆగుతుంది. తొందరపడకుండా మీరూ ఆగండి.